సీఆర్‌పీ చూసి సోరియాసిస్ తీవ్రత తేల్చకండి: సరిహద్దు జిల్లాల డాక్టర్లకు, ల్యాబులకు ఒక టెక్నీషియన్ బహిరంగ లేఖ

ఆంధ్రా సరిహద్దున ఉన్న ఒడిశాలోని రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల్లో చర్మవ్యాధులు చూసే డాక్టర్లకు, ల్యాబులు నడిపే యజమానులకు, జిల్లా వైద్యాధికారులకు నమస్కారం.

నేను రాయగడలో ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్‌ని. పుట్టి పెరిగింది ఇక్కడే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రక్తం తీసేది, మిషన్లో పెట్టేది, అంకె చూసి కాగితం మీద ఎక్కించేది నాలాంటివాళ్లమే. ఆ అంకెలకు ఎంత బరువుందో చెప్పే చనువు మాకు కొంత ఉందనుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. విషయం సోరియాసిస్, అంటే చర్మం మీద పొలుసుల మచ్చలు లేచే జబ్బు.

ఈ మధ్య చీటీల మీద ఒక కొత్త అలవాటు కనిపిస్తోంది. పైన సోరియాసిస్ అని రాసి, కింద సీఆర్‌పీ, ఈఎస్ఆర్, సీబీసీ, ఆర్ఏ ఫ్యాక్టర్, ఫెరిటిన్ అంటూ వరస పెడుతున్నారు. సీఆర్‌పీ అంటే ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్. ఈఎస్ఆర్ అంటే గొట్టంలో నిలబెట్టిన రక్తంలో ఎర్రకణాలు గంటలో ఎంత కిందికి దిగాయనే లెక్క. సీబీసీ రక్తకణాల లెక్క, ఆర్ఏ ఫ్యాక్టర్ కీళ్లవాతం పరీక్ష, ఫెరిటిన్ ఒంట్లో ఇనుము నిల్వ చెప్పేది. కొన్నిచోట్ల వీటన్నింటినీ కలిపి ప్యాకేజీగా అమ్ముతున్నారు. రిపోర్టు అడుగున సీబీసీలోంచి లెక్కగట్టిన ఎన్ఎల్ఆర్, పీఎల్ఆర్, ఎస్ఐఐ అనే మూడు అంకెలుంటాయి. న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ అనేవి రెండు రకాల తెల్లకణాలు. మొదటివాటిని రెండోవాటితో భాగిస్తే ఎన్ఎల్ఆర్, ప్లేట్‌లెట్లను లింఫోసైట్స్‌తో భాగిస్తే పీఎల్ఆర్, ఎన్ఎల్ఆర్‌ని ప్లేట్‌లెట్లతో గుణిస్తే ఎస్ఐఐ. వాటి పక్కన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల గీత. మైల్డ్, మోడరేట్, సివియర్ అని రాత. పేషెంటు ముందు చూసేది ఆ రంగునే. చూసి మురిసిపోతాడు, లేదా రాత్రంతా టెన్షన్‌తో నిద్ర మానుకుంటాడు. డాక్టర్లలో కొందరు కూడా ఆ గీతను చూసే మందు నిర్ణయిస్తున్నట్టు చీటీలను బట్టి అర్థమవుతోంది.

అయ్యా, సోరియాసిస్ ఎంత ముదిరిందో ఆ అంకెలు చెప్పలేవు. అది చర్మం చూసి, మనిషిని అడిగి తేల్చాల్సిన సంగతి. ఈ జబ్బులో రక్తపరీక్షలకు వేరే పెద్ద పని ఉంది. ఆ పనికి వాటిని వాడటంలోనే మన జిల్లాలు వెనకబడి ఉన్నాయి.

గుణుపురం వైపు నుంచి వచ్చే ఒక ఆటో డ్రైవరు సంగతి చెబుతాను. వయసు నలభై దాటింది. మోచేతుల మీద కొద్దిగా, తలలో కొద్దిగా పొలుసులు. అరిచేతులు మాత్రం రెండూ బీటలు వారి, గీతల వెంట నెత్తురు చెమర్చి ఉన్నాయి. రక్తం తీద్దామని చెయ్యి చాపమంటే వేళ్లు పూర్తిగా తెరుచుకోలేదు. క్లచ్ నొక్కలేక వారంలో సగం రోజులు బండి ఇంటి దగ్గరే పెడుతున్నాడట. అన్నం చెంచాతో తింటున్నాడు. అతని సీఆర్‌పీ లీటరుకు 2 మిల్లీగ్రాములు, ఈఎస్ఆర్ 12. రెండూ నార్మలే. రంగుల గీత ఆకుపచ్చ. పూత మందు రాసి పంపించేశారు. రిపోర్టు చేత్తో పట్టుకుని మా కౌంటరు దగ్గరే అడిగాడు: "నార్మలంటన్నారు కదా, మరి ఈ చేతులేటి బాబూ?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం టెక్నీషియన్‌కి లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

పరిశోధనలు ఏమంటున్నాయో మీకు తెలియనిది కాదు. అయినా ఈ ఉత్తరం చదివే పేషెంట్ల కోసం చెబుతాను. సోరియాసిస్ ఉన్నవాళ్లను, లేనివాళ్లను రెండు గుంపులుగా పెట్టి పోలిస్తే, ఉన్నవాళ్లలో సగటున సీఆర్‌పీ ఎక్కువుంటుంది. ఎన్ఎల్ఆర్, పీఎల్ఆర్ కూడా ఎక్కువే వస్తాయి. అంతవరకు నిజం. జబ్బు బాగా ముదిరినవాళ్లలో ఇంకాస్త పెరగడమూ, మంచి మందు పడ్డాక తగ్గడమూ కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. కొన్నింటిలో తీవ్రతకూ ఈ అంకెలకూ పొంతన కుదరలేదు. గుంపు సగటు ఒకటి, మన ముందు కూర్చున్న మనిషి ఒకటి. రెండు గుంపుల అంకెలు ఒకదాని మీద ఒకటి ఎంతగా పడతాయంటే, ఎన్ఎల్ఆర్ 2 వచ్చిందని చెబితే ఆ మనిషికి సోరియాసిస్ ఉందో లేదో కూడా ఎవరూ చెప్పలేరు. ఇక తీవ్రత మాట దేవుడెరుగు. ఇంత దాటితే సివియర్ అని అందరూ ఒప్పుకున్న హద్దు ఏదీ లేదు. మరి ఆ రంగుల గీత హద్దులు ఎక్కడి నుంచి తెచ్చారో అచ్చువేసినవాళ్లే చెప్పాలి.

చర్మం అంతగా మండుతుంటే రక్తం ఎందుకు చల్లగా ఉంటుందని చాలామంది అడుగుతారు. సీఆర్‌పీ తయారయ్యేది లివర్‌లో. లివర్‌కి ఆ పని పురమాయించేది ముఖ్యంగా ఐఎల్-6 అనే రసాయన సంకేతం. సోరియాసిస్ మచ్చలో ప్రధానంగా నడిచే కథ ఐఎల్-23, ఐఎల్-17, టీఎన్ఎఫ్ అనే వేరే సంకేతాలది, అదీ చర్మంలోనే ఎక్కువ. మామూలుగా నాలుగు వారాలు పట్టే చర్మకణాల ప్రయాణం అక్కడ నాలుగైదు రోజుల్లో అయిపోతుంది, అందుకే పొలుసులు. ఈ రభస నెత్తుటిలోకి ఎంత పొంగుతుందనేది మనిషికీ మనిషికీ మారుతుంది. అరిచేతుల మీద ఉన్న జబ్బుకి లివర్ చలించకపోవడంలో వింత లేదు.

ఇంకో చిక్కుంది. సీఆర్‌పీ పెరగడానికి సోరియాసిస్సే అక్కర్లేదు. బొజ్జ ఉంటే చాలు. కొవ్వు కూడా సీఆర్‌పీని పెంచుతుంది, పొగాకూ పెంచుతుంది. సోరియాసిస్ పేషెంట్లలో స్థూలకాయం ఎక్కువే కాబట్టి, కనిపించిన పెరుగుదల చర్మానిదా నడుము చుట్టుకొలతదా తేల్చడం పెద్ద పరిశోధకులకే కష్టమైంది. చిగుళ్ల వాపున్నా కాస్త పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్ వస్తే పదుల్లోకి, వందల్లోకి పోతుంది.

ఇక మన జిల్లాల సంగతి. వానాకాలం మొదలైతే మలేరియా, ఆ వెనకే డెంగ్యూ. టీబీ ఎలాగూ ఉంది. జ్వరం వచ్చి తగ్గినవాడు ఆ వారంలోనే చర్మం చూపించుకోవడానికి వస్తే సీఆర్‌పీ 40 ఉంటుంది. చర్మం మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉన్నా ఎర్ర గీతలోకి పోతాడు. డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పడిపోతే పీఎల్ఆర్, ఎస్ఐఐ కిందికి జారి, ఒళ్లంతా జబ్బున్నవాడు ఆకుపచ్చలోకి వస్తాడు. మలేరియా దగ్గర డాక్టర్లకు ఒక మనవి కూడా. క్లోరోక్విన్ కొందరిలో సోరియాసిస్‌ని రేపుతుంది. మాత్రలు మింగిన కొన్ని వారాలకు పొలుసులు హెచ్చాయని వచ్చినవాళ్లను దయచేసి ఆ మాట అడగండి.

రక్తహీనత, సికిల్ సెల్ రెండూ ఉన్న ఈ నేల మీద ఈఎస్ఆర్‌ని నమ్ముకోవడం మరీ అన్యాయం. రక్తం తక్కువైతే ఎర్రకణాలు త్వరగా అడుక్కి దిగుతాయి, ఈఎస్ఆర్ ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. సికిల్ సెల్ ఉన్నవాళ్లలో దీనికి తలకిందులు. కొడవలి ఆకారపు కణాలు ఒకదానిమీద ఒకటి దొంతరగా పేరుకోవు కాబట్టి, ఒంట్లో ఎంత ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా ఈఎస్ఆర్ తక్కువే చూపిస్తుంది. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద మన ఊళ్లలోనూ స్క్రీనింగ్ జరిగింది, చాలామంది దగ్గర కార్డులున్నాయి. ఈఎస్ఆర్ రాసేముందు ఆ కార్డు అడిగే డాక్టరు ఎంతమంది? వయసు సంగతి కూడా చాలామంది పట్టించుకోరు. ఆడవాళ్లకు వయసుకు పది కలిపి సగం చేస్తే వచ్చేది, మగవాళ్లకు వయసులో సగం, ఈఎస్ఆర్‌కి పైహద్దుగా ఒక మోటు లెక్క ఉంది. అరవై ఏళ్ల అమ్మకు 35 వరకు మామూలే. మా రిపోర్టుల్లో మాత్రం అందరికీ 20 అని ఒకే హద్దు అచ్చువేసి, దాటితే నల్లగా బోల్డ్‌లో పెడుతున్నారు.

స్టెరాయిడ్ల సంగతి విడిగా చెప్పాలి. అటు పాతపట్నం, పార్వతీపురం నుంచి ఇటు జయపురం దాకా, సోరియాసిస్‌కి ఇంజక్షన్ వేసి వారంలో చర్మం నున్నగా చేసిపెట్టేవాళ్లకు కొదవ లేదు. పేరులేని పొట్లాల్లో మాత్రలు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వాటిలో ఏముందో రాసి ఉండదు, కానీ ఫలితం చూస్తే అనుమానం స్టెరాయిడ్ మీదకే పోతుంది. స్టెరాయిడ్ పడిన రక్తంలో న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్స్ తగ్గుతాయి. న్యూట్రోఫిల్స్ 60, లింఫోసైట్స్ 30 ఉన్నవాడి ఎన్ఎల్ఆర్ 2. స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు అదే మనిషికి 75, 15 వస్తే ఎన్ఎల్ఆర్ 5. అప్పుడే సీఆర్‌పీ తగ్గుతుంది, చర్మమూ శుభ్రపడుతుంది. అంటే ఒకే మనిషి, ఒకే రోజు, ఒక అంకె ప్రకారం సివియర్, ఇంకో అంకె ప్రకారం నార్మల్, కంటికి చూస్తే బాగైపోయినట్టే. తర్వాత ఆ మందు హఠాత్తుగా ఆపితే ఒళ్లంతా ఎర్రబారడమో, చీముపొక్కులు లేవడమో జరగొచ్చు. మీరు చూడాల్సింది ఆ ప్రమాదం. దాన్ని ఏ నిష్పత్తీ ముందుగా చెప్పదు. "ఈ రెండు నెలల్లో ఎక్కడైనా ఇంజక్షన్ వేయించుకున్నావా, పొట్లం మందు తిన్నావా" అనే ప్రశ్న చెబుతుంది.

ఇప్పుడు మా వైపు తప్పులు. ల్యాబు యజమానులు నన్ను తిట్టుకున్నా సరే.

ఈఎస్ఆర్ గొట్టం నిటారుగా గంటసేపు కదలకుండా నిలబడాలి. మూడు డిగ్రీలు వాలినా 30 శాతం దాకా తేడా వస్తుందని మా పాఠాల్లోనే ఉంది. స్టాండు పెట్టిన బల్ల మీదే సెంట్రిఫ్యూజ్ గిర్రున తిరుగుతూ ఉంటుంది, బల్ల వణుకుతూ ఉంటుంది. మే నెలలో కరెంటు పోయి గది ఉడికిపోతుంటే కణాలు ఇంకా వేగంగా దిగుతాయి. ఊళ్లలో తీసిన శాంపిల్ బస్సులో, రైల్లో విశాఖకో బరంపురానికో పోయి, అక్కడ మర్నాడు పరీక్షకు ఎక్కితే దాని ఈఎస్ఆర్‌కి అర్థమే లేదు. గంటలు గడిచేకొద్దీ ఊదారంగు మూత ట్యూబులో ప్లేట్‌లెట్లు ఉబ్బుతాయి, కొందరి రక్తంలో ముద్దకడతాయి. ముద్దకట్టినవాటిని మిషన్ లెక్కపెట్టదు. ఆ తక్కువ అంకెతోనే పీఎల్ఆర్, ఎస్ఐఐ లెక్కగట్టి రెండు దశాంశ స్థానాల దాకా అచ్చువేస్తాం! అద్దం పలక మీద వంద కణాలు లెక్కపెట్టే పాత పద్ధతిలో నాలుగైదు కణాల తేడా రావడం మామూలు. 60, 30 కాస్తా 65, 25 అయితే ఎన్ఎల్ఆర్ 2 నుంచి 2.6కి పోతుంది. మనిషిలో ఏ మార్పూ లేదు, మారింది లెక్కపెట్టిన చెయ్యి.

వీటన్నింటికంటే ప్రమాదం యూనిట్లది. సరిహద్దులో బతుకుతున్నాం కాబట్టి ఇది మనకు రోజూ ఉండేదే. ఒక ల్యాబు సీఆర్‌పీని లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తుంది, ఇంకొకటి డెసిలీటరుకు ఇస్తుంది. మధ్య తేడా పదిరెట్లు. అక్కడ 0.8 అని వచ్చినది ఇక్కడ 8 అవుతుంది. ఒక పేషెంటు తల్లి రెండు కాగితాలూ నా ముందు పెట్టి, "ఒక్క నెలలో పదింతలు పెరిగిపోయిందట బాబూ, పిల్లకి ఏటవుతాదో" అని ఏడ్చింది. రెండు కాగితాల మీదా ఉన్నది ఒకే విలువ. ఇంకా కొన్ని చోట్ల సీఆర్‌పీ అంటే పలక మీద చుక్క కలిపి, గడ్డకట్టిందా లేదా చూసి పాజిటివ్, నెగటివ్ అని రాయడమే. ఆ పద్ధతి లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాములు దాటితేనే పట్టుకుంటుంది. దాన్ని చాలా చిన్న మోతాదులను కూడా కొలిచే హై-సెన్సిటివిటీ సీఆర్‌పీతో పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లను చూశాను.

అయితే తీవ్రత ఎలా కొలవాలి? కొలిచే పద్ధతులు డాక్టర్లకు కొత్త కాదు. పేషెంటు అరచెయ్యి, వేళ్లతో సహా, అతని ఒంటి చర్మంలో సుమారు 1 శాతం. మచ్చలన్నీ కలిపి ఎన్ని అరచేతులంతో చూస్తే ఎంత శాతం చర్మం జబ్బుపడిందో తెలుస్తుంది. 1978 నుంచి పాసీ అనే స్కోరుంది. తల, చేతులు, మొండెం, కాళ్లు అని నాలుగు భాగాలు చేసి, ఎరుపు, మందం, పొలుసు ఎంతున్నాయో చూసి 0 నుంచి 72 దాకా వేసే మార్కు. 1994 నుంచి పది ప్రశ్నల డీఎల్‌క్యూఐ ఉంది. గడిచిన వారంలో దురద ఎంత, సిగ్గుపడ్డావా, పనికి పోగలిగావా, బట్టలు ఎంచుకోవడంలో ఇబ్బందా, మొగుడూ పెళ్లాల మధ్య చిక్కు వచ్చిందా అని అడుగుతుంది. 30కి మార్కు. మూడింట్లో ఏదైనా 10 దాటితే తీవ్రంగా తీసుకోవాలని ఒక గుర్తుండే సూత్రం.

మా ఆటో డ్రైవరుకి పాసీ కూడా న్యాయం చేయదు, అది ఒప్పుకోవాలి. రెండు అరిచేతులూ కలిపి 2 శాతమే. అవి పూర్తిగా పగిలినా పాసీ 10 దాటదు. అందుకే 2020లో అంతర్జాతీయ సోరియాసిస్ కౌన్సిల్ నిపుణులు లెక్క మార్చారు. 10 శాతం మించి చర్మం జబ్బుపడినా, ముఖం, అరిచేతులు, అరికాళ్లు, తల, గోళ్లు, మర్మాంగాల వంటి చోట్ల ఉన్నా, పూత మందులకు లొంగకపోయినా, లోపలికి ఇచ్చే మందుల గురించి ఆలోచించాలన్నారు. ఆ మూడు రకాలవాళ్లలో ఎవరినీ గుర్తించడానికి రక్తం చుక్క అక్కర్లేదు.

కంటి కొలతకు లోపాలు లేవని నేననను. ఇద్దరు డాక్టర్లు చూస్తే రెండు మార్కులు వస్తాయి. పుస్తకాల్లోని ఫోటోలు తెల్లతోలువి. మన ఛాయ మీద ఎరుపు ఎరుపుగా కనపడదు, ఊదాగానో ముదురు గోధుమగానో ఉంటుంది, చూసేవాళ్లు తక్కువ మార్కు వేసేస్తారు. మచ్చ మానాక మిగిలే నలుపును జబ్బే అనుకుని ఎక్కువ వేసేవాళ్లూ ఉన్నారు. కాబట్టి వెలుతురులో చూడాలి, చేత్తో తాకి మందం చూడాలి. ఓపీలో నూరుమంది క్యూ కడితే ఇదంతా ఎవరు చేస్తారంటారు. పాసీ మొత్తం వేయలేకపోతే పోనీ, అరచేతుల లెక్క ఒక నిమిషం పని.

అసలు కారణం తీరిక లేకపోవడం కాదేమోనని నా అనుమానం. కటక్ నుంచి వచ్చిన డాక్టరుకి ఒడియా, పేషెంటుకి తెలుగో, లేదా సవర, కువి వంటి గిరిజన భాషో. అడగడం కష్టం, చొక్కా విప్పమనడం ఇంకా కష్టం, అందులో ఆడవాళ్లయితే మరీను. చీటీ రాస్తే మాట అక్కర్లేదు. రిపోర్టు ఇంగ్లీషులో వస్తుంది, అందరికీ గౌరవంగా ఉంటుంది. అంతలో రోగి తొడ మీద పరుచుకున్న మచ్చలు ఎవరూ చూడరు. కొత్త డాక్టర్లను నేను నిందించడం లేదు. కానీ ఆ పది ప్రశ్నలూ తెలుగులో, ఒడియాలో అడగడానికి నర్సమ్మ ఉంది, ఆశా కార్యకర్త ఉంది. కువి, సవర మాట్లాడేవాళ్లూ వాళ్లలోనే దొరుకుతారు.

రక్తపరీక్షలు వద్దంటున్నానని ల్యాబువాళ్లు కంగారుపడనక్కర్లేదు. సోరియాసిస్‌లో వాటికి పని ఎక్కువే ఉంది, చోటు మారాలంతే.

మొదట కీళ్లు. సోరియాసిస్ ఉన్న ప్రతి పదిమందిలో ముగ్గురి దాకా కీళ్లవాతం వచ్చే అవకాశం ఉంది. దాన్ని పట్టుకోవడంలో ఆలస్యమైతే వేళ్లు వంకర్లు పోతాయి. ఇక్కడ ల్యాబు రిపోర్టే మోసం చేస్తుంది. ఆర్ఏ ఫ్యాక్టర్ నెగటివ్ కాబట్టి వాతం లేదని ఎంతమందిని తిప్పి పంపారో! ఈ రకం వాతంలో ఆ ఫ్యాక్టర్ నెగటివ్‌గా ఉండటమే మామూలు. ఈ వాతాన్ని గుర్తించడానికి వాడే 2006 నాటి క్యాస్పర్ ప్రమాణాల్లో నెగటివ్ వస్తే ఒక మార్కు కలుపుతారు కూడా. సీఆర్‌పీ కూడా దాదాపు సగం మందిలో నార్మల్‌గానే ఉంటుంది. పెరిగి ఉంటే మాత్రం అది విలువైన సమాచారం. చర్మం కొద్దిగా ఉండి, జ్వరం లేకుండా సీఆర్‌పీ 25 వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి అడగాలి. పొద్దున లేవగానే అరగంట దాకా వేళ్లు పట్టేస్తున్నాయా, మడమ నొప్పా, ఒక వేలు మొత్తం లావెక్కి నొప్పి పుట్టిందా, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలున్నాయా? కాళ్లు పట్టేస్తున్నాయని మా దగ్గర కుర్చీలోంచి లేవలేని సోరియాసిస్ పేషెంటు చీటీ మీద కీళ్ల ప్రస్తావనే ఉండదు చాలాసార్లు.

గుండె రెండోది. తీవ్రమైన సోరియాసిస్ ఉన్నవాళ్లకు గుండెపోటు ముప్పు ఎక్కువ. అక్కడ హై-సెన్సిటివిటీ సీఆర్‌పీకి ఒక స్థానం ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ముప్పు, 3 దాటితే ఎక్కువ, 10 దాటితే ఏదో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూసి, తగ్గాక మళ్లీ చేయాలి. అయితే బీపీ చూడకుండా, షుగరూ కొలెస్టరాలూ చేయకుండా, నడుం కొలవకుండా ముందే దానికి పోవడం డబ్బు దండగ.

మందుల భద్రతే అన్నిటికంటే పెద్దది. సోరియాసిస్‌కి లోపలికి ఇచ్చే మెథోట్రెక్సేట్ చవకైన మందు, మంచి మందు. వారానికి ఒక్కసారి వేసుకోవాల్సింది. రోజూ మింగితే నోరు పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. అదీ, దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ అనే విటమినూ, రెండూ తరచు చిన్న పసుపు మాత్రలే. చదువురాని మనిషికి ఆ రెండు స్ట్రిప్పులూ ఇచ్చి "వారానికి ఒకటి" అని ఒడియాలో చెప్పి పంపితే ఏమవుతుంది? మొదలుపెట్టేముందు, పెట్టిన కొత్తలో త్వరత్వరగా, తర్వాత రెండు మూడు నెలలకోసారి సీబీసీ, లివర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. నా కళ్ల ముందు జరుగుతున్నది ఇది: తీవ్రత కొలవడానికని ఫెరిటిన్, ఐఎల్-6 దాకా చేయించి చేతులు కాల్చుకున్న పేషెంటు, మందు మొదలయ్యాక సీబీసీకి డబ్బుల్లేక మానేస్తున్నాడు. అవసరం లేనిచోట అయిదు పరీక్షలు, ప్రాణాలు కాపాడేచోట సున్నా.

ఐఎల్-17, టీఎన్ఎఫ్ వంటి సంకేతాలను అడ్డుకునే బయోలాజిక్ ఇంజక్షన్లు మన దగ్గర కొద్దిమందికే అందుతాయి. అవి రాసేముందు టీబీ, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షలు తప్పనిసరి అని మాత్రం గుర్తుచేస్తున్నాను. టీబీ ఎక్కువున్న చోట దాన్ని లాంఛనంలా చూడొద్దు.

ఇక ఒళ్లంతా ఎర్రబారి చలితో వణుకుతూ వచ్చినా, జ్వరంతో చీముపొక్కులు లేచినా, అప్పుడు తెల్లకణాలు, సీఆర్‌పీ, ఆల్బుమిన్, కాల్షియం, క్రియాటినిన్ అన్నీ కావాలి, వెంటనే కావాలి. అక్కడ అంకెలు నిజంగా తీవ్రత చెబుతాయి. ఆ మనిషిని ల్యాబు బెంచీ మీద కూర్చోబెట్టి ప్యాకేజీ ధర చెప్పకుండా పెద్దాసుపత్రికి పంపాలి.

జిల్లా వైద్యాధికారులకు నా విన్నపం. ఒడిశా ప్రభుత్వ ఉచిత పరీక్షల పథకం ‘నిదాన్’ కింద ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షలు ఉచితం. మెథోట్రెక్సేట్ మీద ఉన్నవాళ్లకు సీబీసీ, లివర్, క్రియాటినిన్ బ్లాకు స్థాయి ఆసుపత్రిలోనే గడువు ప్రకారం జరిగేలా, రిపోర్టు అదే రోజు డాక్టరు చూసేలా ఏర్పాటు చేయండి. కాశీపూర్ నుంచో మోహనా నుంచో ఒక ట్యూబు రక్తం కోసం జిల్లా కేంద్రానికి రావాలంటే కూలి పోతుంది, మానేస్తారు. మందు స్ట్రిప్పు మీద అది వేసుకోవాల్సిన రోజు పేరు తెలుగులో, ఒడియాలో రాసి ఇమ్మని ఫార్మసిస్టులకు చెప్పండి. చదవలేనివాళ్లకు ఆ రోజు ఏ ఊళ్లో సంతో దాంతో కలిపి చెప్పమనండి. సంత రోజు ఎవరూ మరిచిపోరు.

ల్యాబు యజమానులకు: ఆ రంగుల గీత తీసేయండి. ఎన్ఎల్ఆర్ అడిగితే ఇవ్వండి, మైల్డ్ సివియర్ అని పక్కన రాయొద్దు. సీఆర్‌పీ ఎక్కడ చేసినా లీటరుకు మిల్లీగ్రాముల్లోనే ఇద్దాం. రాయగడ, పర్లాకిమిడి, జయపురం ల్యాబులు ఒక మాట అనుకుంటే అయ్యే పని ఇది. శాంపిల్ తీసిన సమయం, పరీక్ష చేసిన సమయం రెండూ రిపోర్టు మీద ఉండాలి.

డాక్టరుగార్లకు: సోరియాసిస్ పేషెంటుకి పరీక్ష రాసేటప్పుడు చీటీ మీద నాలుగు ముక్కలు అదనంగా రాయండి. ఎన్ని అరచేతులంత జబ్బు, చేతులు, ముఖం, గోళ్ల వంటి చోట ఉందా, కీళ్లనొప్పి ఉందా, ఈ మధ్య జ్వరంగానీ స్టెరాయిడ్‌గానీ ఉందా. అది చూస్తే సీఆర్‌పీ 40 ఎందుకొచ్చిందో మాకు తెలుస్తుంది, లింఫోసైట్స్ 15 వస్తే మళ్లీ పలక వేసి చూడాలో అక్కర్లేదో తెలుస్తుంది. సికిల్ కార్డు ఉందని రాస్తే ఈఎస్ఆర్ వద్దని మేమే ఫోన్ చేసి చెబుతాం. గుణుపురం ఆటో డ్రైవరు మళ్లీ వచ్చే నెల చూపించుకుంటాడట. ఈసారి అతని చీటీలో మెథోట్రెక్సేట్ మొదలుపెట్టే ముందు చేసే పరీక్షలుంటాయని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
రాయగడ